ఎర్ర ప్లస్సు గుర్తు – ఎవరి సొత్తు?

గోదావరి జిల్లాల్లో ఏ ఊరి బజారులో నిలబడి చూసినా ఆ గుర్తు కనబడుతుంది. మందుల కొట్టు బోర్డు మీద, ఆర్‌ఎంపీ గారి గది తలుపు మీద, రక్తపరీక్షల కేంద్రం గోడ మీద, డాక్టరుగారి కారు అద్దం మీద తెల్లటి నేలపై ఎర్రని ప్లస్సు. ఇక్కడ వైద్యం దొరుకుతుందని చదువురానివారికి సైతం తెలియజేసే అక్షరమది. కాని దానిని దుకాణంపై వేయించుకోవడం చట్టరీత్యా నేరమని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మీలో కొందరికైనా ఇది కొత్త సంగతి కావచ్చునన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ గుర్తు పుట్టింది యుద్ధం మూలంగా. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఘోరమైన పోరు జరిగింది. వేలాది క్షతగాత్రులు దిక్కులేక పడివుండడాన్ని హెన్రీ డ్యూనాంట్ అనే జెనీవా వ్యాపారి కళ్ళారా చూశాడు. ఆయన రేకెత్తించిన ఆలోచన ఫలితంగానే 1864లో మొదటి జెనీవా ఒడంబడిక కుదిరింది. సైనిక వైద్యదళాలకు తెల్లని నేలపై ఎర్రని శిలువను గుర్తుగా నిర్ణయించారు. స్విట్జర్లాండుపై గౌరవంతో ఆ దేశపు జెండా రంగులను తారుమారు చేసి దీనిని ఏర్పరచినట్లు 1906 నాటి ఒడంబడిక స్పష్టంగా పేర్కొన్నది. ఈ గుర్తు చెప్పే మాట ఒక్కటే: "కాల్చవద్దు; ఇక్కడున్నవారు గాయపడినవారు, వారికి సేవ చేసేవారు."

జనానికి నమ్మకమున్న గుర్తు కనబడితే వర్తకులు ఊరుకుంటారా? తమ సరుకు మీద అచ్చు వేయించుకోవాలనిపించడం సహజమే. అందుకే వ్యాపారచిహ్నంగా దీనిని వాడకుండా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 1906 ఒడంబడికలోనే వ్రాశారు. బ్రిటను 1911లో చట్టం చేసింది. భారతదేశానికి 1936లో ప్రత్యేకంగా మరొక చట్టం వచ్చింది.

ఐరోపా యుద్ధాల గొడవ మన డెల్టాకెందుకని ఎవరైనా అడగవచ్చు. 1942 ఏప్రిల్ 6ను గుర్తుచేసుకోవాలి. ఆనాడు జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. వరిచేల నడుమ, కొబ్బరితోటల నడుమ బ్రతికే మనుషులకు యుద్ధం ఆకాశమార్గాన వచ్చింది. అంత ఎత్తు నుంచి చూసే వైమానికునికి ఏది ఆసుపత్రో ఏది గోదామో తెలియాలంటే కప్పు మీద పెద్దగా వేసిన గుర్తే ఆధారం. ప్రతి కొట్టు మీదా అదే గుర్తు ఉంటే దానికి విలువేముంది? ఒకచోట అది అబద్ధమని తేలితే రెండవచోట నిజమైనా నమ్మరు.

1949 నాటి నాలుగు జెనీవా ఒడంబడికలను స్వతంత్ర భారతం 1950లో ఆమోదించింది. పాత చట్టాలను తొలగిస్తూ 1960లో జెనీవా ఒడంబడికల చట్టం చేసింది. కేంద్రప్రభుత్వ అనుమతి లేనిదే ఎర్రశిలువ గుర్తును గాని, రెడ్‌క్రాస్ అన్న పేరును గాని, వాటిని పోలిన మరేదైనా బొమ్మను గాని ఎవరూ ఏ పనికీ వాడరాదని దాని 12వ సెక్షను చెబుతుంది. ఎర్ర నెలవంకకూ ఈ రక్షణ ఉన్నది. ఉల్లంఘిస్తే 500 రూపాయల వరకు జరిమానా, ఆ గుర్తు వేసిన సరుకు జప్తు.

చిక్కు ఇక్కడే ఉన్నది. ప్రభుత్వమో, కేంద్రం నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం ఈ నేరాన్ని విచారణకు స్వీకరించదు. బోర్డు వ్రాసిన పెయింటరుకు, వ్రాయించుకున్న ఆసామికి, దాని ముందు నుంచే రోజూ నడిచిపోయే మనబోటివాళ్ళకు ఇది నేరమన్న సంగతే తెలియదు. అరవై ఏళ్ళు దాటిన చట్టం పుస్తకంలో భద్రంగా ఉన్నది. గుర్తు మాత్రం వీధిన పడింది.

మరి శాంతికాలంలో దానిని ఎవరు వాడవచ్చు? 1920 నాటి చట్టంతో ఏర్పడి, నేడు కాకినాడ, ఏలూరు వంటి చోట్ల రక్తనిధులు నడుపుతున్న భారతీయ రెడ్‌క్రాస్ సంఘం వాడవచ్చు. అంబులెన్సులకు, పూర్తిగా ఉచితచికిత్స చేసే కేంద్రాలకు ఆ సంఘం అనుమతితో మినహాయింపు ఇవ్వవచ్చునని మొదటి ఒడంబడిక 44వ అధికరణం చెబుతుంది. ఉచితమన్న మాటను గమనించండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టింది. అటువంటి వేళ నీళ్ళలో చిక్కుకున్నవానికి ఆ గుర్తు కనబడితే, డబ్బు అడగని చేయి వస్తున్నదన్న ధైర్యం కలగాలి.

ఆ గుర్తు వేయించుకున్నవారిలో అధికులు తెలియక చేసినవారే. అనేక దేశాలలో మందుల కొట్లకు ఆకుపచ్చని శిలువ వాడతారు. వైద్యులకు కర్రను చుట్టుకొన్న పాము బొమ్మ ఉండనే ఉన్నది. మీ ఊరి మందుల కొట్టు ఆయన ఈసారి బోర్డుకు రంగు వేయిస్తుంటే ఈ సంగతి చెవిన వేయండి. డబ్బా ఆకుపచ్చ రంగుతో పోయేదానికి చట్టం దాకా ఎందుకు?