పాతిక వాటా, తలల లెక్క

తెల్లవాడు రాకముందు ప్రపంచ సంపదలో నాలుగో వంతు మనదేనన్న సందేశం వాట్సాప్‌లో తరచూ తగులుతుంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ 2001లో వెలువరించిన పుస్తకం ప్రకారం, 1700లో ప్రపంచ ఉత్పత్తిలో భారతదేశానిది 24 శాతం పైమాటే. 1950కి అది 4 శాతానికి పడిపోయింది.

అదే పుస్తకంలోని జనాభా పట్టికను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 1700లో ప్రపంచ జనంలో మనవాళ్లు 27 శాతం. తలల్లో మన వాటా కంటే సంపదలో వాటా తక్కువన్నమాట. 1990 నాటి డాలర్ల విలువలో మన తలసరి ఆదాయం 550, బ్రిటన్‌ది 1,250. బ్రిటిష్ పాలనకు పునాది వేసిన ప్లాసీ యుద్ధానికి 57 ఏళ్ల ముందటి సంగతి ఇది.

ఈ అంకెలు శిలాశాసనాలేమీ కావు. దక్షిణ భారతంలో నేతగాళ్ల కూలిని ధాన్యంలోకి మార్చి చూస్తే బ్రిటన్ కూలికి దీటుగానే ఉండేదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి వాదించారు. కూలి రేటు ఎంతైనా, సరుకు మాత్రం మనదే మేలు. 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ బందరులో దుకాణం తెరిచింది ఈ తీరపు బట్టల కోసమే. అద్దకపు బట్టల మోజు లండన్‌లో ఎంత ముదిరిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు అల్లర్లకు దిగారు. పార్లమెంటు 1700లో వాటి దిగుమతిని అడ్డుకుంది, 1721లో ఏకంగా కట్టుకోవడాన్నే నిషేధించింది. స్వేచ్ఛా వ్యాపారం గురించి మనకు పాఠాలు చెప్పింది ఆ తర్వాత!

అసలు దెబ్బ యంత్రం కొట్టింది. రాట్నం మీద 100 పౌండ్ల దూదిని సన్న నూలుగా వడకాలంటే 50,000 గంటలు పట్టేది. క్రాంప్టన్ మ్యూల్ అనే వడికే యంత్రం వచ్చాక 1780 ప్రాంతంలో అది 2,000కు, 1795 నాటికి 300కు దిగింది. కూలి ఎక్కువ, బొగ్గు చవక గనుకనే ఇంగ్లండ్‌లో యంత్రం గిట్టుబాటయిందంటారు ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్. నూలు వడికే మన ఆడవాళ్ల చేతిలో పని పోయింది, దాని బదులు వేరే పని రాలేదు.

1913 నాటికి బ్రిటన్ తలసరి ఆదాయం 4,900 దాటింది. మనది 1950లోనూ 619. రెండున్నర శతాబ్దాల్లో పెరిగింది 69 డాలర్లు! వలస పాలన మీద నేరారోపణ పత్రం రాయాలంటే, పోయిన పాతిక వాటా కంటే ఈ 69 బలమైన సాక్ష్యమని నా అభిప్రాయం. బ్రిటన్‌తో మన ఎడం తగ్గడం మొదలైంది మనం వేగం పుంజుకున్న గత నాలుగు దశాబ్దాల్లోనే.

తలల లెక్క పట్టినవాడు మాడిసన్‌కు శతాబ్దం ముందే మనకు ఉన్నాడు. దాదాభాయి నౌరోజీ సర్కారు కాగితాల్లోంచే 1867–68 ఆదాయం కూడి, మనిషికి ఏడాదికి 20 రూపాయలని తేల్చాడు. జైల్లో ఖైదీ తిండికీ బట్టకూ అయ్యే ఖర్చును దాని పక్కన పెట్టి చూపించాడు. ఖైదీదే ఎక్కువ.