అర్జున్ ట్యాంక్‌కి 30 ఏళ్లు ఎందుకు పట్టింది?

"అన్నా, అర్జున్ ట్యాంక్ ఫ్లాపేనా?" నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. 1974లో మొదలైన ప్రాజెక్ట్, ఆర్మీ చేతికి మొదటి ట్యాంకులు వచ్చింది 2004లో. మొదలైన రోజు పుట్టిన పిల్లాడికి అప్పటికి 30 ఏళ్లు! అసలేం జరిగిందో చూద్దాం.

అప్పట్లో చెన్నై పక్కన ఆవడిలో మనం విజయంత ట్యాంక్ తయారుచేస్తున్నాం. కానీ దాని డిజైన్ బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీది. మన డిజైన్‌తోనే ఒక ట్యాంక్ కావాలని 1974లో ప్రభుత్వం 15.5 కోట్లు మంజూరు చేసింది. పని ఆవడిలోని డీఆర్‌డీవో ల్యాబ్ సీవీఆర్‌డీఈకి ఇచ్చారు. అనుకున్నది ఏంటంటే, సుమారు 40 టన్నుల బరువు, 105 ఎంఎం గన్, సొంత ఇంజిన్.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, సగం కోడ్ రాశాక క్లయింట్ "ఒక్క చిన్న మార్పు" అనేవాడు. ఆ ఒక్కదాని కోసం డేటాబేస్ దాకా తవ్వాల్సొచ్చేది. అర్జున్‌కి జరిగింది కూడా అదే.

1980 చుట్టుపక్కల జర్మనీ లెపర్డ్ 2, అమెరికా ఎం1 ఎబ్రామ్స్ వచ్చాయి. వాటికి ఉత్త ఉక్కు కాదు, పొరలు పొరలుగా కాంపోజిట్ కవచం. మనదీ ఆ స్థాయిలో ఉండాలన్నారు. అలా అడగడం తప్పు కాదు, లోపల కూర్చునేది నలుగురు మనుషులు కదా. కానీ గన్ 120 ఎంఎం అయింది. గన్ పెరిగితే టరెట్ పెరుగుతుంది, కవచం పెరిగితే బరువు పెరుగుతుంది. 40 టన్నులు కాస్తా 58.5 అయ్యాయి. అంత బరువు లాగే ఇంజిన్ మన దగ్గర టైమ్‌కి రెడీ కాలేదు. జర్మనీ నుంచి 1400 హార్స్‌పవర్ ఎంటీయూ ఇంజిన్ తెచ్చారు. ఇక రైల్వే వ్యాగన్లు, వంతెనలు, అన్నీ మళ్లీ లెక్కేసుకోవాలి.

ఆర్మీ మాత్రం ఎన్నాళ్లని ఆగుతుంది? 2001లో రష్యాతో 310 టీ-90లకు ఒప్పందం అయింది. అర్జున్‌కి 2000లో వచ్చిన ఆర్డర్ 124 మాత్రమే.

మరి ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? నేనలా అనుకోను. అర్జున్‌కున్న కంచన్ కవచం పుట్టింది మన హైదరాబాద్‌లోనే, కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్‌లో. పేరూ అక్కడిదే. ట్యాంక్ డబ్బిస్తే దొరుకుతుంది గానీ, కవచం ఫార్ములా ఎవరూ ఊరికే చేతిలో పెట్టరు. అది మనంతట మనం నేర్చుకున్నాం.

2010 మార్చిలో రాజస్థాన్‌లో టీ-90తో పోటీ ట్రయల్స్ జరిగాయి. ఆ తర్వాత మరో 124 అర్జున్‌లకు అనుమతి వచ్చింది. ఇంతలో మళ్లీ మార్పులు! 72 మెరుగుదలలతో మార్క్-1ఎ తయారైంది, బరువు 68 టన్నులకు చేరింది. 118 ట్యాంకుల ఆర్డర్ ఖరారయ్యేసరికి 2021 సెప్టెంబర్. చూశారా, మళ్లీ అదే కథ.

2024 మార్చిలో మైసూరులో మన సొంత 1500 హార్స్‌పవర్ ట్యాంక్ ఇంజిన్‌ని మొదటిసారి నడిపి పరీక్షించారు. 1974లో అనుకున్న సొంత ఇంజిన్ దిశగా, ఇన్నేళ్లకు.

కాబట్టి నా జవాబు: అర్జున్ ఫ్లాప్ కాదు. మత్స్యయంత్రం ఎంత తిరిగినా అర్జునుడు కొట్టగలిగాడు, ఎందుకంటే మధ్యలో ఎవరూ చేపని మార్చలేదు. తర్వాతి ట్యాంక్‌కైనా ముందు ఏం కావాలో తేల్చుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. ఇంజినీర్లకి మనం ఇవ్వగలిగిన పెద్ద సాయం అదే.