ఆటబండి చరిత్రము

సంస్కృత రూపకములలో నాయికానాయకుల పేరను వెలసినవి పెక్కులు గలవు. శూద్రకుని మృచ్ఛకటికము మాత్రము ఒక పసివాని యాటబండి పేరను వెలసినది. 'మృత్' అనగా మన్ను. 'శకటిక' యనగా చిన్నబండి. పది యంకములు గల యా ప్రకరణమున ఆరవ యంకమునందు, ధనము గోల్పోయిన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి గృహస్థుని కొడుకు బంగారుబండితో నాడుకొనును. ఆ బండిని వారు కొనిపోగా, దాసి చేసి యిచ్చిన మట్టిబండి నాకు వలదని యేడ్చును. వసంతసేన యది చూచి తన సొమ్ములు తీసి యా మట్టిబండి నిండ బోసి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మని బాలుని బుజ్జగించును. పిమ్మట న్యాయస్థానమున చారుదత్తునిపై నేరమునకు గుర్తులై నిలుచునవి యా సొమ్ములే. ఇంత కథను మోసిన బండి యెంతది? పసివాడు త్రాటితో నీడ్చునంతది.

ఈ కథ వలన మనకొక చరిత్రాంశము గూడ తెలియుచున్నది. నిజమైన బండి నడచిన దేశమున బొమ్మబండియు నడచినది. కలవారి యింట బంగారముతో, లేనివారి యింట మట్టితో. పెద్దబండి అరిగి, విరిగి, పొయ్యిలో కట్టెయై పోవును. బొమ్మబండి యే మూలనో పడియుండి, తరతరముల పిదప వచ్చినవారికి ఆ పెద్దబండి యెట్లుండెనో చెప్పును. ఆటబండి పిల్లచేష్ట మాత్రమే గాదు. బండి చరిత్రకు అది యొక తాళపత్ర గ్రంథము వంటిదని నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ప్రాచీనకాలమును జూతము. హరప్పా, మొహెంజొదారో, చన్హుదారో త్రవ్వకములలో కాల్చిన మట్టితో జేసిన చిన్నబండ్లును, విడిచక్రములును విరివిగా దొరకినవి. అవి యించుమించు 4,500 సంవత్సరముల నాటివి. ఆ నగరముల వీథులలో ధాన్యము మోసిన కొయ్యబండ్లు మన్నులో గలిసిపోయినవి. ఆ కాలపు బండికి చక్రములెన్ని, తొట్టి యెట్టిది, కాడి యెట్లమర్చిరి యను ప్రశ్నలకు పండితులు ముఖ్యముగా ఆ బొమ్మలనే యడిగి సమాధానములు పొందుచున్నారు. ఆ పిదపి కాలపు వస్తువొకటి 1974లో మహారాష్ట్రమున, ప్రవరానదీతీరమందలి దైమాబాదు గ్రామమున బయల్పడినది. అది రెండెడ్లు పూన్చిన కంచురథము. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దానిపై సారథి నిలిచియున్నాడు. ఒక చెట్టు మొద్దును త్రవ్వుచుండగా దొరకిన యీ చిన్నరథమును జూచుటకు నేడు దేశదేశముల విద్వాంసులు వచ్చుచున్నారు.

మన ప్రాంతమునకు వత్తము. వంశధారా తీరమందలి ముఖలింగమే కళింగనగరమని చరిత్రకారులు చెప్పుదురు. అచట మొదట రాజ్యమేలిన గాంగవంశమువారే పిదప ఉత్తరమునకు విస్తరించిరి. ఆ వంశపు నరసింహదేవుడు 13వ శతాబ్దిలో కోణార్కమున సూర్యునకు ఆలయము గట్టించుచు దానిని రథరూపమున నిర్మింపజేసెను. ఏడు గుఱ్ఱములు, ఇరువదినాలుగు చక్రములు. ఒక్కొక్క చక్రము సుమారు మూడు మీటర్ల వ్యాసము గలది. శిల్పి కేవల మలంకారమునకై గుండ్రని బిళ్లను చెక్కి విడువలేదు. నాభి, అరలు, నేమి, ఇరుసు కొన, దానిని పట్టి నిలుపు సీల, అన్నియు చెక్కెను. అమరకోశమున మనము వల్లించిన రథాంగముల పేర్లన్నిటికిని అచట రాతిలో అర్థము గనబడును. ఆటబండి పెద్దబండిని చిన్నది చేసి చూపగా, ఈ శిల్పి రథమును పెద్దది చేసి చూపెను. రెంటిలోను వడ్రంగి విద్య యొక్కటియే.

పూరీ క్షేత్రమున మరియొక మార్గము గలదు. అచట జగన్నాథుని రథమునకు పదునారు, బలభద్రునకు పదునాలుగు, సుభద్రకు పండ్రెండు, వెరసి నలువదిరెండు చక్రములు. ఈ రథములను భద్రపరచరు. ఏటేట అక్షయతృతీయనాడు పని మొదలిడి క్రొత్తగా చేయుదురు, ఉత్సవానంతరము విప్పివేయుదురు. చూచువారికిది వృథావ్యయముగా దోచవచ్చును. కాని యోజింపుడు! ఏటేట చేయవలసియుండుటచేతనే ఆ కొలతలు తండ్రి చేతినుండి కొడుకు చేతికి దిగుచున్నవి. కోణార్కమున రథము నిలిచినది, చేయువారు లేరు. పూరీయందు రథము నిలువదు, చేయు విద్య నిలిచినది. ఈ భేదమును మీరు మనసున నుంచుకొనుడు; తుదియందు దీనితో పని గలదు.

మన యుద్దానపు పిల్లల యాటబండి నెఱుగని వారెవ్వరు? ముంజెలు తిని పారవేసిన తాటికాయలు రెండు తెచ్చి, చిన్నకఱ్ఱను ఇరుసుగా గ్రుచ్చి, కొన చీలిన పొడుగుకఱ్ఱతో నెట్టుకొని పోవుదురు. కాసు ఖర్చు లేదు. అయినను ఇరుసు తిన్నగా లేనిచో బండి ప్రక్కకు లాగును. ఒక కాయ పెద్దది, ఒక కాయ చిన్నది యైనచో గుండ్రముగా తిరుగును. గణితోపాధ్యాయుడు బెత్తముతో చెప్పలేని పాఠమును తాటికాయ చెప్పును.

ఈ యాటను వృత్తిగా జేసికొన్న గ్రామములును ఆంధ్రదేశమున గలవు. అనకాపల్లి జిల్లాలో వరాహానదీతీరమున ఏటికొప్పాక గలదు. అచట అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు లక్కరంగులు పట్టింతురు. చెట్ల వేళ్లు, గింజలు, ఆకుల నుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి దెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించెను. కృష్ణాతీరమందలి కొండపల్లిలో తేలికయైన పొణికికఱ్ఱను చెక్కి, అవయవములను చింతగింజల జిగురుతో నతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు. అచటి బొమ్మలలో దశావతారములతో బాటు ఎడ్లబండియు గలదు. దేవుని బొమ్మ ప్రక్కన బండిబొమ్మ నుంచుట మనవారికి తప్పుగా దోచలేదు. సంక్రాంతి బొమ్మలకొలువున రెండింటికిని చోటు దొరకినది.

ఇక మోటారుబండి కాలము. జర్మనీదేశమున కార్లు బెంజి 1886లో తన మోటారుబండికి హక్కుపత్రము పొందెను. పావుశతాబ్ది గడచునప్పటికి ఆ వాహనము మన సంస్థానములకు జేరినది. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1911లో సింహాసనము నమర్చిన రోల్సురాయిసు కారును చేయింప నాజ్ఞాపించి, అది చేతికందకమున్నే ఆ యేడే మరణించెను. అట్టి కారు సామాన్యునకు కలలోని మాట. కాని రోహసేనుని కథ యిచటను నడచినది. కారు రాగానే బొమ్మకారును వచ్చినది. ఇంగ్లండులోని లివర్పూలు నగరమున 1934 నుండి 'డింకీ' యను పేర లోహముతో పోతపోసిన చిన్నకార్లు అమ్మిరి. 1953లో లండనునందు 'మ్యాచిబాక్సు' బొమ్మలు వెలువడెను. అగ్గిపెట్టెలో బట్టు బొమ్మను మాత్రమే బడికి దేవచ్చునని నియమ ముండగా, ఓడెల్లు అను పనివాడు తన కూతురికొరకు అగ్గిపెట్టెలో బట్టునంతటి రోడ్డురోలరును ఇత్తడితో జేసి యిచ్చెనట. ఆ వర్గమునకు బీజమదియే. అమెరికాదేశమున 1968లో 'హాట్ వీల్సు' పుట్టెను. ఎక్కడివైనను పిల్లవాని గుప్పిట పట్టునంతవే.

ఈ బొమ్మకార్లను గూర్చి ముఖ్యముగా తెలిసికొనవలసినది కొలత. దీనిని వారు స్కేలు అందురు. నలువదిమూడింట నొకవంతు అనునది ప్రసిద్ధమైన స్కేలు. మనకు చిరపరిచితమైన అంబాసిడరు కారు ఉజ్జాయింపుగా 4 మీటర్ల 30 సెంటీమీటర్ల పొడవు గలది. ఆ లెక్కను దాని బొమ్మ 10 సెంటీమీటర్లగును. పొడవు మాత్రమే గాదు. చక్రము, దీపము, తలుపుపిడి యన్నియు అదే భాగమున తగ్గవలెను. ఒక్కటి తప్పినను తెలిసినవాడు పెదవి విఱుచును.

ఇట్లు తెలిసినవారు నేడు హైదరాబాదు, విశాఖపట్టణము, చెన్నపట్టణము మొదలగు నగరములందు గలరు. వయసు వచ్చినవారే, ఉద్యోగస్థులే. సెలవునాడొకచోట జేరి తమ బొమ్మకార్లను బల్లపై బేర్చి మాటలాడుకొందురు. 1957లో మొదలై 2014లో నిలిచిపోయిన అంబాసిడరు ఉత్పత్తిలో ముందు జాలీ యెన్నిమారులు మారెను, 1962 నాటి రెండవ మార్కునకు మొదటిదానికి భేదమేమి, ఈ బొమ్మకు వేసిన రంగు అసలు కారునకు ఎన్నడైన నుండెనా అని గంటలకొలది వాదింతురు. హైదరాబాదునందు 2010లో సుధాకరుగారు నెలకొల్పిన ప్రదర్శనశాలలో వంకాయ, పుస్తకము, క్రికెట్టుబంతి యాకారముల కార్లు గలవు, అవి నడచును గూడ. ఈ వేడుక దేశమున నెంత వ్యాపించెనో దీనివలన గ్రహింపవచ్చును.

'ముదిమి వచ్చియు బొమ్మలాట యేమి?' యని మీలో కొందఱు నవ్వవచ్చును. మన న్యాయశాస్త్రము చర్చను వాదము, జల్పము, వితండ యని మూడుగా విభజించినది. గెలుపునకై చేయునది జల్పము. ఎదుటివానిని ఖండించుట కొఱకే చేయునది వితండ. తత్త్వము తెలియుటకై చేయునది వాదము. ఆ బొమ్మకార్ల గోష్ఠి, నేను వినినంతవఱకు, మూడవ జాతిదే. ఒకడు తప్పు చెప్పిన మరియొకడు దిద్దును. దిద్దినవానికి కృతజ్ఞత చెప్పి యతడు తన బొమ్మను సవరించుకొనును. తయారు నిలిచిపోయిన కారు యొక్క ప్రతి కీలును వారి గోష్ఠిలో నేటికిని సజీవముగ నున్నది. కర్మాగారము మూసివేసినను కారు చరిత్ర మూతపడలేదు.

ఇప్పుడు మన యెడ్లబండి సంగతి యడుగుచున్నాను. దానికట్టి గోష్ఠి యేది?

బారువ రేవున ఓడలు నిలిచిన దినములలో సరకు మోసినది బండి. కొబ్బరికాయలు తోటనుండి సోంపేట సంతకును, కంచిలి స్టేషనుకును చేరినది బండిమీదనే. 'ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును' అను సామెత మనకు పుస్తకములోనిది గాదు, రేవులోనిది. నేడు ట్రాక్టరును, ఆటోయు వచ్చినవి. వచ్చుట మంచిదే, ఎద్దు మెడ బరువు తగ్గినది. బండి పోయినదని నేను దుఃఖింపను. దానితో బాటు పోవుచున్న విద్యను గూర్చియే నా విచారము.

పాఠశాలలో సుఖదుఃఖములు చక్రనేమివలె మీదికి క్రిందికి తిరుగునను భావము చెప్పవలసి వచ్చినపుడు, ఉద్యోగము తొలిదినములలో నేను పిల్లలను వీథిలోనికి బిలిచి బండిచక్రమును జూపెడివాడను. 'ఇది కుండ, ఇవి యాకులు, ఇవి పూఠీలు, ఇది యినుపకట్టు' అని వారే నాకు జెప్పెడివారు. పదవీవిరమణకు ముందటి యేండ్లలో నల్లబల్లపై సున్నపుముక్కతో గీసి చూపవలసివచ్చెను. గీసిన పిదప ఒక బాలుడు 'ఆకు లనగా చెట్టు ఆకులా, మాస్టారూ?' యని యడిగెను. వాని దోషమేమి? వస్తువు కనబడనిచోట మాట నిలుచుట యెట్లు?

ఆ చక్రమునందలి పనితనమును దలచుకొనుడు. చేవదేరిన తుమ్మమొద్దును కుండగా దొలిచి, పండ్రెండాకులు దిగగొట్టి, ఒక్కొక్క పూఠీకి రెండేసి యాకుల చొప్పున ఆరు పూఠీలు చుట్టును గూర్తురు. ఇంతవఱకు వడ్రంగి పని. పిమ్మట కమ్మరి వచ్చును. ఇనుపకట్టును చక్రము చుట్టుకొలతకన్న ఇంచుక తక్కువగా జేసి, పిడకలమంటలో నెఱ్ఱగా గాల్చును. వేడికి పెరిగిన కట్టు చక్రముపై నమరును. వెంటనే నీళ్లు పోయగా ముడుచుకొని, పూఠీలను ఆకులమీదికి, ఆకులను కుండలోనికి బిగించివేయును. మేకు లేదు, జిగురు లేదు. ఎంత తక్కువ చేయవలెనను లెక్క యే పుస్తకమునను లేదు. అది కమ్మరి కంటిలో నున్నది. ఆ కన్ను మూసికొన్న నాడు లెక్కయు పోవును.

ఇది యూహించిన భయము కాదు. మీ గ్రామమున క్రొత్తచక్రమును చేయగల వడ్రంగు లెందఱు మిగిలిరో, వారి వయసెంతో లెక్కించి చూడుడు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఒక్క దినముననే మన కొబ్బరితోటలను నేలగూల్చినది. ఆ చెట్లకు బదులు మొక్కలు నాటవచ్చును. చేతిపని యట్లు మొలకెత్తదు. చూపువాడు, చూచువాడు ఒక్క కాలమున నుండవలెను.

కావున గ్రామవృద్ధులకు నా మనవి యిది. పెద్దబండిని చేయింపుడని కోరను. దాని వ్యయమును, దాని నుంచుచోటును కష్టము. చిన్నబండిని చేయింపుడు. అడుగునకు అంగుళమున్నర చొప్పున ఎనిమిదింట నొకవంతుగా దగ్గించినచో, అయిదడుగుల చక్రము ఏడున్నర యంగుళములగును. వడ్రంగిని, కమ్మరిని ఒక్కచోట గూర్చుండబెట్టి, కుండ, ఆకు, పూఠీ, ఇరుసు, కడసీల, నొగ, కాడి యన్నిటిని నిజమైన రీతినే చేయింపుడు. ఇనుపకట్టును గూడ కాల్చియే వేయింపుడు. ప్రతి యంగము పేరును మీ యూరి వాడుకలో నెట్లందురో యట్లే వ్రాసి యుంచుడు; మందసలో నొకమాట, టెక్కలిలో నొకమాట యైనచో రెండును వ్రాయుడు. చేసిన బండిని పాఠశాలలో నుంచుడు. కొన్నియేండ్లకొకసారి దానిని విప్పి, క్రొత్తవారిచేత మరల కూర్పింపుడు. పూరీ రథము మనకు నేర్పిన పాఠమిదియే.

పండుగకు పట్టణమునుండి వచ్చు మనుమని సంచిలో చిన్నకారొకటి కనబడినచో కసరకుడు. దానిని చేతబట్టి, 'దీని స్కేలెంత?' యని యడుగుడు. వాడు సంతోషముతో చెప్పును. అటుపిమ్మట మీరు వానికి నొగ యేదో, కడసీల యేదో చెప్పుడు. కొలత వానికి దెలియును, పేరు మీకు దెలియును. ఇద్దఱును గలిసినచో మన బండికిని గోష్ఠి యేర్పడును.