వారసుల మీద అనుమానం

మతిస్థిమితం లేనివాళ్ల గురించి 1858లో బ్రిటిష్ ఇండియాలో ఒకేసారి మూడు చట్టాలు వచ్చాయి. 34వ నంబరుది మద్రాసు, కలకత్తా, బొంబాయి సుప్రీంకోర్టులకు. 35వది జిల్లా కోర్టులకు. 36వది పిచ్చాసుపత్రులకు. మన జిల్లాల్లో నాలుగెకరాలున్న కుటుంబాలకు పని పడింది ఆ మూడింట్లో మధ్యదైన 35వ చట్టంతోనే. దాని కింద జడ్జి ఇద్దరిని నియమించవచ్చు. ఆస్తి చూసేవాడు మేనేజరు, మనిషిని చూసేవాడు గార్డియన్. ఇందులో ఒక షరతు ఉంది. ఆ మనిషి చనిపోతే ఆస్తి ఎవరికి దక్కుతుందో, ఆ వారసుణ్ణి మనిషికి గార్డియన్‌గా పెట్టకూడదు. మనిషి ఎంత త్వరగా పోతే ఎవరికి అంత లాభమో, వాళ్ల చేతికి ఆ మనిషి మందూ మాకూ అప్పగించవద్దన్నమాట.

నేను మా తమ్ముడికి అక్కని. వాడికి పుట్టుకతోనే మేధో వైకల్యం. మా ఊళ్లో ఇప్పటికీ బుద్ధిమాంద్యం అనే అంటారు. అమ్మా నాన్నా ఉన్నన్నాళ్లూ వాళ్లే చూసుకున్నారు, తర్వాత నేను లీగల్ గార్డియన్‌ని అయ్యాను. వాడికి పెళ్లాం పిల్లలు లేరు కనక వారసురాలినీ నేనే. 1858 నాటి జడ్జి అయితే నా దరఖాస్తు పక్కన పెట్టేసేవాడు. అది న్యాయమే అంటాను. బ్యాంకు కౌంటర్లో కూర్చుని ముప్పై ఏళ్లు పని చేసినదాన్ని. వణుకుతున్న చేతిని పట్టుకొచ్చి వేలిముద్ర వేయించేవాళ్లలో నూటికి తొంభై మంది సొంతవాళ్లే.

మన పాత ధర్మశాస్త్రం దారి వేరు. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరే మన వైపు ఆస్తి పంపకాలకు ఆధారం. దాన్ని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. గుడ్డివాడు, కుంటివాడు, ఉన్మత్తుడు, జడుడు, నయంకాని రోగం ఉన్నవాడు, వీళ్లెవరికీ మితాక్షరలో భాగం లేదు. భాగం తీసుకున్న అన్నదమ్ములు వీళ్లను పోషించాలి. వైద్యంతో లోపం పోతే పంపకాలు అయ్యాక కూడా భాగం ఇవ్వాలి. వాళ్ల కొడుకుల్లో ఆ లోపం లేకపోతే వాళ్లకూ భాగం ఉంటుంది. దీనిలో దయ లేదని అనను. కానీ పేరు మీద సెంటు భూమి లేని మనిషికి లెక్క చెప్పాల్సిన పని ఎవరికుంటుంది? పెద్ద లోగిళ్లలో వెనక వసారాలో ఒక బాబాయో మేనత్తో మంచం మీద కూర్చుని ఉండేవాళ్లు. వేళకు కంచం వెళ్లేది. వాళ్ల వాటా సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కారు.

ఈ అనర్హతలను 1928లో ఒక చట్టం చాలావరకు కొట్టేసింది. గుడ్డివాళ్లకు, చెవిటివాళ్లకు, కుంటివాళ్లకు వారసత్వం వచ్చింది. పుట్టుకతో మతి లేనివాళ్లను మాత్రం అప్పుడూ బయటే ఉంచారు. అంటే మా తమ్ముడి లాంటివాళ్లను. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో గాని ఏ రోగమూ ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కాదనే మాట రాలేదు. నాన్న తన ఎకరన్నర వీలునామాలో వాడి పేర రాశారు. రాయకపోయినా వాడికి హక్కు ఉండేది. ఆ హక్కుకు ఇంకా నూరేళ్లు కూడా నిండలేదు.

జమీందార్ల సంగతి వేరే. వాళ్ల ఎస్టేట్ల నుంచి పేష్కష్ అనే శిస్తు సర్కారుకు రావాలి కనక, 1804లోనే 5వ రెగ్యులేషన్‌తో మద్రాసు రెవెన్యూ బోర్డు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌గా మారింది. 1902లో దానికి కొత్త చట్టం వచ్చింది. మైనర్లు, మతి లేనివాళ్లు, ఎస్టేటు నడపలేరని తేల్చిన స్త్రీలు అందులోకి వచ్చేవారు. మాకు దగ్గరలోని పిఠాపురం సంస్థానం కూడా సూర్యారావు బహద్దూర్ గారి చిన్నతనంలో ఆ పాలనలోనే ఉండేది. వార్డుల బాగోగుల కంటే శిస్తు ముందు అన్న విమర్శ ఎంత ఉన్నా, ఒకరి తరఫున ఆస్తి చూసేవాడు పైవాడికి లెక్క పంపాలనే అలవాటు మన జిల్లా కచేరీల్లో పాతుకున్నది ఆ కాలంలోనే.

1912లో ఇండియన్ లూనసీ చట్టం పాతవాటిని ఒకచోటికి చేర్చింది. మేనేజరు నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా కోర్టుకు ఇవ్వాలి. ఏటా లెక్కల సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో జమా ఖర్చులు దాఖలు చేయాలి. కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఐదేళ్లకు మించి కౌలుకు ఇవ్వకూడదు. ఘోషా స్త్రీలు కోర్టుకు రాలేకపోతే కమిషన్ వేసి ఇంటి దగ్గరే విచారించాలి. వారసుడి షరతు కొంచెం సడలింది. వారసుణ్ణి గార్డియన్‌గా పెట్టడమే ఆ మనిషికి మేలని జడ్జి కారణాలు రాసి మరీ పెట్టవచ్చు. ఆ కారణాలు కాగితం మీద ఉండాలి, అదీ ముఖ్యం.

1987 మానసిక ఆరోగ్య చట్టం పాత లూనసీ చట్టాన్ని రద్దు చేసినా ఆస్తి లెక్కల పద్ధతిని చాలావరకు అలాగే ఉంచింది. నాకు సంబంధించిన చట్టం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఇది కోర్టు మెట్లెక్కే పని తప్పించింది. జిల్లా కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కలిసి కమిటీ. పద్దెనిమిదేళ్లు నిండిన కొడుక్కి కన్నతల్లి కూడా ఈ కమిటీ దగ్గర గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బ్యాంకువాళ్లు అడిగినప్పుడు మొదటిసారి వింటారు. సంరక్షణలో ఉన్నది స్త్రీ అయితే ఒంటరి మగవాణ్ణి గార్డియన్‌గా పెట్టరు, భార్యతో కలిపే ఇస్తారు. ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాది ముగిశాక మూడు నెలల్లో లెక్కలు, 1912 నాటి గడువులే ఇక్కడా దిగాయి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి దిగమింగినా గార్డియన్‌ని తొలగించవచ్చు. వారసుల షరతు మాత్రం ఇందులో లేదు. అందుకే లెక్కలు మరింత గట్టిగా ఉండాలని నా పట్టుదల.

ఏప్రిల్ వస్తే వాడి పుస్తకం తీస్తాను. జమ వైపు కౌలు డబ్బు, నాన్న పేర వచ్చే కుటుంబ పెన్షను, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ. ఖర్చు వైపు ఫిట్స్ మాత్రలు, చెప్పులు, వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు ఆటో, సినిమా టికెట్లు, వాడు సంక్రాంతికి పక్కింటి పిల్లలకు కొనిపెట్టిన గాలిపటాలు. మా ఇంట్లో వాడు తినే తిండికి వాడి డబ్బు ముట్టను, దానికి పద్దు లేదు.

లెక్కలు ఒక ఎత్తు, ఆ మనిషి ఇష్టం ఇంకో ఎత్తు. 2009లో చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రమంలోని ఒక యువతి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్వల్ప మేధో వైకల్యం ఉన్న ఆమెకు గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశించింది. ఆమె బిడ్డను కంటానంది. ఆమె ఒప్పుకోకుండా చేయకూడదని సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తోసిపుచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది. ఆ దారిలోనే 2016 వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం తెచ్చింది. ఫలానా పనికి, ఫలానా కాలానికి, గార్డియనూ ఆ మనిషీ ఇద్దరూ కలిసి, ఆ మనిషి ఇష్టప్రకారం నిర్ణయం. నిజానికి 1872 కాంట్రాక్టు చట్టమే, మతి అప్పుడప్పుడు తప్పే మనిషి తెలివిలో ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని గుర్తించింది. మధ్యలో ఆ విషయం మనవాళ్లు మరిచారు.

మొన్నామధ్య కౌలు గడువు తీరింది. కొత్తగా వచ్చినాయన ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నాడు. మా పిన్ని కొడుకు, "వాణ్ణేం అడుగుతావక్కా, సంతకం నీదేగా" అన్నాడు. నేను అడిగాను. "పాతాయనే" అన్నాడు తమ్ముడు. ఎందుకురా అంటే, "గట్టు మీద నడిపిస్తాడు, ముంజెలు కొట్టిస్తాడు" అన్నాడు. బస్తాల లెక్క రెండుసార్లు చెప్పాను, వేళ్ల మీద చూపించాను. వాడు విన్నాడు, మళ్లీ "పాతాయనే" అన్నాడు. పాతాయనకే ఇచ్చాం. మూడు బస్తాల ఆదాయం తగ్గడానికి కారణం ఏమిటో ఆ ఏటి లెక్కలో వాడి మాటల్లోనే రాశాను. మరో వారసుడెవరైనా రేపు ఆ పుస్తకం తెరిచి నన్ను నిలదీస్తే జవాబు అందులోనే ఉంటుంది.

ముసలితనంలో మతిమరుపు ముదిరినవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇబ్బంది ఎక్కువ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం విషయంలో తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు ఇచ్చింది, మంచిదే. కానీ పాత చట్టంలోని ఆస్తి అధ్యాయం దానితో పోయింది. కోమాలో ఉన్నవాళ్ల కోసమైతే చట్టమే లేదు. భర్త ఆసుపత్రి బిల్లుకు భర్త ఖాతాలోని డబ్బు తీయలేని భార్యలు హైకోర్టులకు వెళ్తున్నారు. 2019లో కేరళ హైకోర్టు అలాంటి కేసులో తనే నియమాలు రాసింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికి వెళ్లి చూడాలి. రేపు వారసులు కాగలవాళ్లందరినీ కేసులో చేర్చాలి. ఆరు నెలలకోసారి లెక్కలు దాఖలు చేయాలి.

1858లో ఇలాంటి కుటుంబానికి జిల్లా కోర్టు ఉండేది. ఈరోజు కాకినాడలో భర్త కోమాలో ఉన్న ఆవిడ అమరావతి దాకా వెళ్లాలి, వకీలు ఫీజు కట్టాలి. కేరళ కోర్టు రాసిన ఆ నాలుగు నియమాలనూ చట్టంలో పెట్టి, ఆ అధికారాన్ని కలెక్టరు కమిటీకో జిల్లా జడ్జికో ఇవ్వమని అడుగుతున్నాను. ఏటా లెక్కలు చూసేటప్పుడు ఆ మనిషిని కూడా పిలిపించి, అర్థమయ్యే మేరకు చదివి వినిపించాలని కూడా అందులో రాయాలి. మా తమ్ముడైతే గాలిపటాల పద్దు దగ్గర ఎంత ఖర్చయిందో తనే చెప్తాడు.