చుక్కల మధ్య గీత

ల్యుకేమియా రిపోర్టు చేతికొస్తే ఇంటివాళ్లు చూసేది చివరి రెండు వాక్యాలే. ఆ వాక్యాలు రాయకముందు ఎవరో కంప్యూటర్ ఎదుట కూర్చుని, తెరమీది లక్షల చుక్కల్లో కొన్నిటి చుట్టూ గీత గీసి ఉంటారు. ఒక్కో చుక్క ఒక్కో కణం. ఆ గీతను ల్యాబుల్లో గేటు అంటారు. గేటు కాస్త జరిగినా రిపోర్టు మారిపోవచ్చు. కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఈ పరీక్ష పేరు ఫ్లో సైటోమెట్రీ. ఇందులో యంత్రం తయారుచేయడం కన్నా ఈ గీత గీయడం నేర్పడమే కష్టమని నా నమ్మకం.

యంత్రం త్వరగానే ఎదిగింది. ద్రవంలో ఒకదాని వెనక ఒకటిగా సాగే కణాలను విద్యుత్తుతో లెక్కపెట్టే పద్ధతికి వాలెస్ కూల్టర్ 1953లో పేటెంట్ పొందారు. 1965లో లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్వైలర్, ఇంక్‌జెట్ తరహాలో బొట్లు చేసి కణాలను వేరుచేశారు. 1968లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గోడె, మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం ఫ్లోరసెన్స్‌ను జోడించారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ కణాల మీది ఒకే గుర్తుకు అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేశాక, ఏ రకం కణమో గుర్తుపట్టడం తేలికైంది. ఒకే గుర్తును తలా ఒక పేరుతో పిలుస్తున్న గందరగోళానికి 1982లో పారిస్ సమావేశం సీడీ నంబర్లతో తెర దించింది. సీడీ4 అలా వచ్చిందే. 2004లో మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైన రోజుల్లో ఆ కౌంటు 200 కిందికి పడిందా లేదా అని ఎన్ని తెలుగు కుటుంబాలు ఊపిరి బిగబట్టి చూశాయో!

చదువు సంగతికొస్తే, నా లెక్కలో అసలు మలుపు 1984. ఏ కంపెనీ యంత్రం నుంచైనా డేటా ఒకే తీరులో భద్రం కావాలని ఆ ఏడాది ఎఫ్‌సీఎస్ అనే ఫైలు ప్రమాణం వచ్చింది. ఇందులో కణాల సగటు కాదు, ప్రతి కణం కొలతా విడివిడిగా ఉంటుంది. రక్తం పాడైపోయినా ఫైలు మిగులుతుంది. మరో ఊళ్లో కూర్చున్న గురువు అదే ఫైలు తెరిచి, పాత గేట్లన్నీ చెరిపి, మొదటి నుంచీ చదివి చూపించవచ్చు. దూరవిద్యకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఏముంటుంది?

ఇలా నేర్పాల్సిన కష్టమైన పాఠం ఒకటి చూడండి. బి-సెల్ ల్యుకేమియా ఉన్న పిల్లవాడికి మొదటి విడత కీమో అయ్యాక మజ్జ పరీక్ష చేస్తారు. పదివేల కణాల్లో ఒక్క జబ్బు కణం మిగిలినా, అంటే 0.01 శాతమైనా, తదుపరి చికిత్స మారవచ్చు. 5 లక్షల కణాలు చదివితే అది 50 చుక్కలు. చిక్కేమిటంటే, కోలుకుంటున్న మజ్జలో హెమటోగోన్లు అనే ఆరోగ్యకరమైన పిల్లకణాలు కూడా పుడతాయి. సీడీ19, సీడీ10 రెండూ వాటికీ ఉంటాయి. అయితే అవి పెరిగే కొద్దీ సీడీ20, సీడీ45 ఒక క్రమంలో ఎక్కువవుతూ, తెరమీద ఒక వంపుదారిలో కనిపిస్తాయి. ల్యుకేమియా కణాలు ఆ దారి తప్పి ఒకచోట గుమిగూడతాయి; తరచు సీడీ58 ఎక్కువగా, సీడీ38 తక్కువగా ఉంటుంది. ఆ వంపు కంటికి అలవాటు కావాలంటే ఎన్నో మజ్జలు చూడాలి, చూసినదాన్ని దిద్దేవారు ఉండాలి.

అందుకే శిక్షణ ఒకే ఫైలును పలు ల్యాబులకు పంపి, జవాబులు పోల్చే పద్ధతికి చేరింది. ఉత్తర అమెరికా పిల్లల క్యాన్సర్ బృందం పద్ధతిని ఇతర దేశాల ల్యాబులకు ఇలాగే నేర్పారు. తేడా ఎక్కడొచ్చిందో చెప్పి మళ్లీ చదివించాక ఫలితాలు బాగా దగ్గరపడ్డాయి. 2006లో మొదలైన యూరోఫ్లో బృందం యాంటీబాడీల ప్యానెళ్లనూ యంత్రాల సెట్టింగులనూ ఒకే తీరుకు తెచ్చింది.

పెద్ద ల్యాబులకు దూరంగా ఉన్న ఊళ్లకు, ఉదాహరణకు గల్ఫ్‌లో ఒమన్‌లోని ఉత్తర షర్ఖియా ప్రాంతానికి కేంద్రమైన ఇబ్రా లాంటి చోట్లకు, ఫైళ్లతో నేర్పే ఈ పద్ధతి విలువ ఎక్కువ. ఆ దేశంలో ఇలాంటి పరీక్షలకు పేరున్న సుల్తాన్ ఖబూస్ యూనివర్సిటీ హాస్పిటల్, రాయల్ హాస్పిటల్ రెండూ మస్కట్‌లోనే ఉన్నాయి. రక్తపు స్లైడు చూసినప్పుడు మొదటి అనుమానం మాత్రం ఊళ్లోని ల్యాబులోనే రావచ్చు. గల్ఫ్ ఆసుపత్రుల్లో పనిచేసే మన టెక్నీషియన్లు డ్యూటీ మానుకుని రాజధానికి వెళ్లకుండానే ఈ ఫైళ్లు సాధన చేయవచ్చు. ఒక్క జాగ్రత్త: ఎఫ్‌సీఎస్ ఫైలు మొదట్లో ఉండే వివరాల భాగంలో రోగి పేరు, ఆసుపత్రి నంబరు ఉండిపోవచ్చు. పాఠం కోసం పంపేముందు వాటిని తీసేయాలి; ఫైలు పేరు మార్చినంత మాత్రాన అవి పోవు.