ఉప్పుచెమట మొదలు జన్యులిపి దిద్దుబాటు వఱకు

ఉద్దనపల్లి మొదలుకొని హోసూరు, రాయకోట, కృష్ణగిరి వఱకుఁ గల మన తెలుగువారి యిండ్లలో మేనరికము నేటికిని గౌరవమైన సంబంధమే. మేనమామకుఁ బిల్లనిచ్చుటలో ఆప్యాయత యున్నది, ఆస్తి చెదరదన్న ధీమా యున్నది. గాని తల్లిదండ్రు లిరువురును ఒకే పూర్వుని జన్యులోపమును తమకుఁ దెలియకయే మోయుచున్నచో, అది రెండువైపులనుండియు ఒక్క బిడ్డకే సంక్రమించు అవకాశము పెరుగును. ఊపిరితిత్తులను బీడించు వంశవ్యాధియగు సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుట యిట్లే. ఇది పాశ్చాత్యుల రోగమని మనదేశమున చాలకాలము భావించుటచే, పసివాని దగ్గు క్షయ యనియో ఉబ్బస మనియో పేరు పెట్టించుకొని, ఆ పేరుతోనే చికిత్స పొందెడిది.

1938లో న్యూయార్కున డొరతీ ఆండర్సన్ అను వైద్యురాలు మరణించిన శిశువుల క్లోమమును బరీక్షించి యీ రోగస్వరూపమును నిరూపించెను. 1948 వేసవిలో ఆ నగరము వడగాడ్పుల పాలైనపుడు ఈ రోగముగల బిడ్డలే ముందుగా సొమ్మసిల్లుట చూచి, పాల్ డి సాంట్ ఆగ్నీస్ వారి చెమటను శోధింపఁగా, అందు లవణము మితిమీరి యుండెను. ఎండలో ఆడివచ్చిన బిడ్డ నుదుట చెమట యారి తెల్లని పొర కట్టుట, ముద్దిడిన తల్లి పెదవికి ఉప్పదనము తగులుట, మన యెండలలో ఎందరి కంటఁబడియు రోగలక్షణమని తెలియక పోయినదో గదా! నేఁడు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలోనే ఆ చెమట పరీక్ష జరుగుచున్నది.

1989లో లాప్‌చీ ట్సుయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియోర్డాన్ బృందములు ఏడవ క్రోమోజోముపై ఆ జన్యువును గనుఁగొనిరి. అది తయారుచేయించు 1480 అమైనో ఆమ్లముల ప్రోటీనులో 508వది, జన్యులిపిలో మూఁడక్షరముల లోపమువలన, జాఱిపోవుటయే అత్యధికుల కష్టమునకు మూలము. మంచి జన్యువును వైరసులద్వారా పంపు యత్నములు 1993లోనే మొదలైనను, దుమ్మును క్రిములను వెలికి నెట్టుటకే పుట్టిన శ్వాసనాళము, జిగట కఫముతో నిండి, ఔషధమును సైతము లోనికి రానీయలేదు. జన్యులిపిని కత్తిరించు క్రిస్పర్ కత్తెర 2012లో వెలువడిన మఱుసటి యేఁడే హాన్స్ క్లెవర్స్ బృందము రోగుల ప్రేగుకణములలో ఆ లోపమును బ్రయోగశాలలో సరిదిద్దెను.

మనుష్యదేహమున ఇట్టి దిద్దుబాటు ఫలము మాత్రము ఊపిరితిత్తులను బీడించు వేఱొక వంశవ్యాధియందుఁ గనఁబడెను. 1963లో స్వీడనున లారెల్, ఎరిక్‌సన్ గుర్తించిన ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపమున, ఊపిరితిత్తిని రక్షింపవలసిన ప్రోటీను ఒక్క యక్షరపు మార్పుచే చెడును. అది తయారగునది కాలేయములో. కావున చొరరాని శ్వాసనాళముతో పనిలేక, కొవ్వుకణికలలోఁ బొదిగిన దిద్దుబాటు సాధనమును రక్తములోని కెక్కించిరి. రోగుల నెత్తుట సరియైన ప్రోటీను చేరినదని 2025 మార్చిలో బీమ్ థెరప్యూటిక్స్ అను సంస్థ ప్రకటించెను. సిస్టిక్ ఫైబ్రోసిస్ బిడ్డలకు ఆ కాలేయమార్గము లేదు; వారికి దిద్దుబాటు, ఆ కఫమును దాటి, శ్వాసనాళపు మూలకణములనే చేరవలసియున్నది.