ఈనిన పశువు లేవలేకపోతే: మూడు రకాల కండరాలు, కాల్షియం అవసరం

ఎక్కువ పాలిచ్చే ఆవు లేదా గేదె ఈనిన 3 రోజుల్లోపు కూలబడి లేవలేకపోతే చాలామంది రైతులు నీరసం అనుకుని ఊరుకుంటారు. తరచుగా అది పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు కాలదు, చెవులు చల్లబడతాయి. మూడో ఈత, ఆపై ఈతల పశువుల్లో ఎక్కువగా వస్తుంది.

లీటరు జున్నుపాలతో సుమారు 2 గ్రాముల కాల్షియం బయటకు పోతుంది. పశువు రక్తంలో ఒక సమయంలో ఉండేది మొత్తం 3 గ్రాముల వరకే. మేత నుంచి, ఎముకల నుంచి ఆ లోటు వెంటనే భర్తీ కాకపోతే కండరాలు పట్టు తప్పుతాయి. పశువులో కండరాలు 3 రకాలు. పాలజ్వరం మూడింటినీ దెబ్బతీస్తుంది.

1. ఎముకలకు అంటిన కండరాలు

వీటినే చారల కండరాలు అంటారు. పొడవాటి పోగులుగా ఉండి, మెదడు ఆజ్ఞ ప్రకారం కదులుతాయి. నిలబడటం, నడవడం, మేత నమలడం వీటి పని. కాల్షియం తగ్గితే మొదట వణుకు, తూలుడు కనిపిస్తాయి. తర్వాత పశువు కూలబడి, మెడను డొక్క వైపు తిప్పి పడుకుంటుంది.

2. నునుపు కండరాలు

వీటికి చారలు ఉండవు. పశువు ఇష్టంతో పనిలేకుండా వాటంతటవే పనిచేస్తాయి. పొట్ట, పేగులు, గర్భసంచి గోడల్లో, చనుల చివర ఉంటాయి. ఇవి సడలితే నెమరు ఆగి పొట్ట ఉబ్బుతుంది, పేడ పడదు. మాయ పడకపోవచ్చు. చనుల రంధ్రం సరిగా మూసుకోక పొదుగువాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

3. గుండె కండరం

దీనికి చారలున్నా మెదడు ఆజ్ఞ కోసం ఆగదు. కొమ్మలుగా అల్లుకున్న కణాలు కలిసి ఒకే లయలో ముడుచుకుంటాయి. పాలజ్వరంలో గుండె వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. నరానికి కాల్షియం వేగంగా ఎక్కిస్తే ఇదే గుండె ఆగి పశువు అక్కడికక్కడే చనిపోవచ్చు.

డాక్టరు వచ్చేలోపు చేయాల్సినవి

• పశువును పక్కకు పడుకోనివ్వకుండా రొమ్ముపై కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి బస్తాలు ఆనించాలి. ఇలా చేస్తే పొట్ట ఉబ్బరం తగ్గుతుంది.
• నోటి ద్వారా నీళ్లు, మందు, నూనె పోయకూడదు. మింగే కండరాలు బలహీనంగా ఉన్నందున ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
• కింద మెత్తగా గడ్డి పరిచి, 2, 3 గంటలకోసారి పక్క మార్చాలి. గంటల తరబడి ఒకే పక్కన ఉంటే బరువుకు తొడ కండరాలు నలిగి, కాల్షియం ఎక్కించినా లేవలేని స్థితి వస్తుంది.
• నరానికి కాల్షియం సొంతంగా ఎక్కించకూడదు. పశువైద్యులే గుండె చప్పుడు గమనిస్తూ నెమ్మదిగా ఎక్కించాలి. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేయాలి.

సకాలంలో కాల్షియం అందితే చాలా పశువులు కొద్ది గంటల్లోనే లేస్తాయి.

ముందు జాగ్రత్తలు

• ఈనడానికి ముందు 3 వారాలు కాల్షియం టానిక్కులు, లూసర్న్ వంటి మేత ఎక్కువగా పెట్టకూడదు. అలా పెడితే ఎముకల నుంచి కాల్షియం తీసుకునే అలవాటు శరీరానికి తగ్గి, ఈనగానే లోటు ఏర్పడుతుంది. ఆ రోజుల్లో ఏ ఖనిజ మిశ్రమం, ఎంత ఇవ్వాలో పశువైద్యుడిని అడగాలి.
• ఈనిన రోజు నుంచి, పశువు బాగా మింగగలుగుతుంటే, డాక్టరు సలహాతో కాల్షియం ద్రావణం తాగించవచ్చు.
• మొదటి 2 రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకూడదు. దూడకు చాలినన్ని జున్నుపాలు మాత్రం తప్పక తాగించాలి.
• గత ఈతలో పాలజ్వరం వచ్చిన పశువుకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈనే తేదీని ముందే డాక్టరుకు తెలపాలి.